పాత యోడల క్రయమును, ప్రైవేటీరు నౌకల వృత్తాంతమును

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన వారమున, పదవ తరగతి విద్యార్థి యొకడు రుసుము చెల్లించుటకు గడువు కోరుచు మా గదికి వచ్చెను. కారణ మేమని యడుగగా, తన తండ్రి చేపలవేటపై జీవించువాడనియు, అయిదారేండ్లు కూడబెట్టిన ధనమంతయు పెట్టి పాత చెక్కపడవ నొకదానిని కొనెననియు చెప్పెను. పడవ క్రొత్తగా రంగు పూయబడి చూచుటకు ముచ్చటగా నుండెనట. నెల తిరుగకమునుపే అడుగుపలకలు గుల్లవారి నీరు చేర నారంభించెను. దానిని బాగుచేయించుచుండగానే, అమ్మినవాని యన్న వచ్చి, "ఈ పడవలో సగము నాది, నా సంతకము లేనిదే అమ్మకము చెల్లదు" అని అడ్డుపెట్టెనట. "పడవ రేవులో బోర్లించి యున్నదండి. నాన్న రోజూ వెళ్లి దానిప్రక్కన కూర్చుండి వచ్చుచున్నాడు" అని బాలుడు తలవంచుకొని పలికెను.

గడువు ఇచ్చితిమి. పోవుచు పోవుచు వాడు వెనుకకు తిరిగి, "అయ్యగారూ, పూర్వము పెద్దపెద్ద యోడలు కొనువారుకూడ ఇట్లే మోసపోయెడివారా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన ప్రత్యుత్తరము మాకు తోచలేదు. పిమ్మట మా గ్రంథాలయములోని నౌకాచరిత్రలను కొన్నింటిని తిరుగవేసి చూచితిమి. చూచినకొలది ఆ బాలుని తండ్రికి సంభవించిన రెండు చిక్కులే, అనగా పలకకు సంబంధించిన చిక్కును, పత్రమునకు సంబంధించిన చిక్కును, మహాసముద్రములపై తిరిగిన గొప్పవారినిసైతము పీడించినట్లు తెలియవచ్చినది. వానిలో ప్రైవేటీరు నౌకల వృత్తాంతము మిక్కిలి చిత్రమైనది గనుక దానినే యిచట వ్రాయుచున్నాము.

ప్రైవేటీరు అననేమి? పూర్వము ఐరోపా రాజులకు యుద్ధము చేయుటకు వలసినన్ని స్వంత నౌకలు లేకుండెను. కావున యుద్ధము వచ్చినప్పుడు వర్తకులకును, ఓడల యజమానులకును ఒక సన్నదు నిచ్చెడివారు. దానికి లెటర్ ఆఫ్ మార్క్ అని పేరు. ఆ సన్నదు గలవాడు తన స్వంత ధనముతో ఓడను సిద్ధపరచి, ఫిరంగులెక్కించి, మనుష్యులను కూర్చుకొని, శత్రుదేశపు వర్తక నౌకలను పట్టుకొనవచ్చును. ఇట్టి యోడకును, దాని నాయకునికిని ప్రైవేటీరు అను పేరు చెల్లుచుండెను. జీతము లేదు; పట్టుబడిన ఓడయు సరుకును అమ్మగా వచ్చిన ధనములో వాటాయే ప్రతిఫలము. చాల సందర్భములలో దొరకునది శూన్యమే. రాజునకు ఖర్చులేని సైన్యము, వర్తకునకు ప్రాణముతోడి జూదము అని దీనిని చెప్పవచ్చును.

అయితే సన్నదు చేతనున్నంతమాత్రమున ఎవరి నోడనైనను దోచుకొనవచ్చునని తలపరాదు. సన్నదు పొందువాడు హద్దుమీరి నడువనని ముందుగా జామీను వ్రాసియియ్యవలెను. ఏ దేశమువారిపై సన్నదు ఇయ్యబడెనో ఆ దేశమువారి సొత్తునే పట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు: పట్టిన ఓడను తిన్నగా ఒక రేవునకు తెచ్చి నౌకా న్యాయస్థానము నెదుట నిలుపవలెను. అచ్చటి న్యాయాధిపతి ఆ యోడలో దొరికిన కాగితములను, రహదారి పత్రములను, సరుకు జాబితాలను పరీక్షించి, అది నిజముగా శత్రువుల సొత్తే యని తీర్పు చెప్పిన పిమ్మటనే అది పట్టినవాని దగును. ఆ తీర్పు రాకమునుపు దానిలోని బియ్యపు మూట నమ్మినను దొంగతనమే. ఓడదొంగకును ప్రైవేటీరునకును ఓడలో భేదము లేదు, ఫిరంగిలో భేదము లేదు, పలుమారు మనుష్యులలోను భేదము లేదు; భేదమంతయు ఆ కాగితములలోనే యుండెను.

తీర్పైన ఓడలు వేలమునకు వచ్చెడివి. పాత యోడలు కొనదలచినవారికి ఇంతకంటె మంచి బజారు లేదు. న్యాయస్థానపు తీర్పు వెంట వచ్చునుగనుక ఇట్టి క్రయములో వెనుకటి యజమానులు వచ్చి తగవులాడుదురను భయము తక్కువ. నేడు ఫ్రెంచివారి ఓడ, రేపు ఆంగ్లేయుల ప్రైవేటీరు, మరునాడు అది డచ్చివారిచే పట్టుబడి వారి వర్తక నౌక. ఇట్లు ఒకే యోడ పేరు మార్చుకొనుచు, జెండా మార్చుకొనుచు, నలుగురైదుగురు యజమానులను చూచుచుండెను.

ఆంగ్లదేశమున ఈ వేలములను జరుపు పద్ధతి యొకటి విద్యార్థులకు వినోదకరముగ నుండును. ఒక అంగుళము పొడవు గల క్రొవ్వొత్తి ముక్కను వెలిగించి వేలము ప్రారంభించెడివారు. అది వెలుగుచున్నంతసేపు ఎవరైనను పాట పెంచవచ్చును. దీపము ఆరిపోవునప్పటికి చివరి పాట ఎవరిదో ఓడ వారిది. ఆంగ్ల నౌకాదళ కార్యాలయములో ఉద్యోగియైన సామ్యూల్ పెపిస్ అనునతడు తన దినచర్యలో ఇట్టి వేలమును మొదటిసారి 1660వ సంవత్సరములో చూచినట్లు వ్రాసికొనెను. మొదట నందరును మౌనముగ నుందురు. వత్తి తరిగినకొలది ఒకరిపై నొకరు అరచుచు పాడుదురు. చివరికి ఎవరు ముందు పలికిరో, ఎవరు వెనుక పలికిరో తేల్చుటయే కష్టమగును. 1662లో జరిగిన మఱియొక వేలములో ఒక మనుష్యుడు తడవతడవకును సరిగా తుదిపాట పాడి గెలుచుచుండుట చూచి, పెపిస్ అతని రహస్యమడిగెను. మంట ఆరిపోవుటకు సరిగా ఒక్క క్షణము ముందు వత్తినుండి పొగ క్రిందికి వంగుననియు, దానిని కనిపెట్టి తాను పాడుదుననియు అతడు చెప్పెనట. ఇంటిలో క్రొవ్వొత్తి యున్న విద్యార్థులు దీనిని పరీక్షించి చూడవచ్చును. పెద్దవారి యనుమతితో మాత్రమే.

ఈ పెపిసే తరువాత, డచ్చివారితో యుద్ధము జరుగుచుండగా, తన తోటి ఉద్యోగులిద్దరితో కలిసి ఫ్లయింగ్ గ్రేహౌండ్ అను ఓడను రాజునొద్ద ఎరువు తెచ్చుకొని ప్రైవేటీరుగా నడిపించెను. కార్యాలయములో కూర్చుండి రాజుగారి ఓడల లెక్కలు వ్రాయువాడే, ఆ రాజుగారి ఓడనే ఎరువు తీసికొని లాభము వెదకుట ఈ కాలమువారికి వింతగ తోచును. ఆ కాలమున నట్లు తోచలేదు కాబోలు.

ఇక పలక సంగతి చూతము. కొయ్య ఓడకు తుపానుకంటె, శత్రువుకంటె ఘోరమైన పగవాడు ఓడపురుగు. దీనికి టెరెడో అని శాస్త్రనామము. పురుగని పేరేగాని నిజమునకు ఇది ఆల్చిప్పల జాతికి చేరిన ప్రాణి. పిల్లగా నున్నప్పుడు గుండుసూది మొనయంత రంధ్రము చేసి కొయ్యలోనికి దూరును. లోపల పెరుగుచు, పెరిగినకొలది కొయ్యను తొలుచుచు, తాను తొలిచిన సొరంగమునకు సున్నపు పూత పూసికొనుచు ముందుకు సాగును. అందుచేత పైనుండి చూచువానికి పలక నున్నగ నుండును. కొన్ని సూదిరంధ్రములు తప్ప మఱేమియు కానరాదు. రంగు పూసినచో అవియు మూసికొనిపోవును. లోపల మాత్రము తేనెపట్టు వలె గుల్ల. మన బాలుని తండ్రి కొన్నది ఇట్టి పడవయే కావచ్చును. ఈ ప్రాణి ఉప్పునీటిలోనే బ్రతుకును. మంచినీరు దానికి మృత్యువు. కనుకనే నదీముఖములలో ఓడలను కొంతకాలము నిలిపి పురుగును చంపు ఆచారము నావికులలో నుండెను.

ఎరిగిన వర్తకుడు రంగును చూడడు. ఓడను ఆటుపోటులమధ్య ఒడ్డునకు లాగించి ఒక ప్రక్కకు ఒరిగించి, అడుగుభాగమంతయు గీకించి, చిన్న కొయ్యసుత్తితో ఒక్కొక్క పలకను తట్టుచు పోవును. మంచి కొయ్య కంగుమని పలుకును. గుల్ల కొయ్య డొల్లుగా మ్రోగును. అనుమానమున్నచోట ఆరెతో గ్రుచ్చును. ఆరె మెత్తగ దిగినచో పలక పోయినదన్నమాట. తరువాత ఓడ వెనుకభాగమున నిలిచి, అడుగున వెన్నెముకవలె నుండు దూలమును ఒక కంటితో పొడవునా చూచును. నడుమ పైకి ఉబ్బి రెండు కొనలు వ్రేలబడియున్నచో, ముసలి యెద్దు వీపువలె, ఆ యోడ ఎముక విరిగినదే. ఎంత నార కూరి, ఎంత తారు పోసినను పలకల సందులు మరల విడివడక మానవు. ఇనుప మేకుల చుట్టును నల్లని మరక యున్నదా యని చూచును. తుప్పు కొయ్యను తినును, కొయ్యలోని తేమ మేకును తినును. రెండును కలిసి ఓడను తినును. పిమ్మట లోపలికి దిగి, అడుగున నిలిచిన నీరు ఎంత లోతున్నదో కొలిచి, పంపు పిడి యెంత నునుపుగ అరిగియున్నదో చూచును. పంపు పిడి మిక్కిలి యరిగియున్న ఓడను గూర్చి అమ్మువాడు చెప్పు మాటలను నమ్మబనిలేదు.

పదునెనిమిదవ శతాబ్దమున రాగిరేకు తొడుగు వచ్చెను. ఆంగ్లేయులు 1761లో అలారం అను యుద్ధనౌక యడుగునకు రాగిరేకులు తాపి పరీక్షించిరి. పురుగు లోనికి దూరలేకపోయెను, నాచు పట్టలేదు, ఓడ వేగము హెచ్చెను. అయితే రాగియు, ఇనుమును ఉప్పునీటిలో ఒకదాని నొకటి తాకియున్నచో ఇనుము శీఘ్రముగ కరగిపోవును. కనుక పైకి మెఱయుచున్న రాగి వెనుక మేకులన్నియు సగమై పోవుట సంభవించెను. మేకులనుకూడ రాగి మిశ్రమముతో చేయువరకు ఈ పీడ తొలగలేదు. మెరుపు వెనుక నేమున్నదో చూడవలెనని తాత్పర్యము.

గుల్ల ఒక్కటియే కాదు, సామానును చూడవలెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున జాన్ పాల్ జోన్స్ అను నావికునికి ఫ్రెంచి రాజు 1779లో ఒక పాత యోడ నిప్పించెను. డ్యుక్ ద డ్యురా అను ఆ యోడ 1765లో కట్టబడి తూర్పు దేశముల వర్తకమున నలిగినది. జోన్స్ దానికి బొనొమ్ రిషార్ అని క్రొత్త పేరు పెట్టి పాత ఫిరంగుల నెక్కించెను. ఆయనది ప్రైవేటీరు కాదు, ప్రభుత్వ నౌక. అయినను ఆయన దండులో బయలుదేరినప్పుడు ప్రైవేటీరు ఓడలు రెండుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఆంగ్ల నౌకయగు సెరాపిస్‌తో పోరు తగిలినప్పుడు, క్రింది తట్టులో నున్న పెద్ద ఫిరంగులలో రెండు మొదటి వేటుకే ప్రేలి, పేల్చుచున్నవారినే చంపినవి. మిగిలినవానిని ముట్టుటకు ఎవరును సాహసింపలేదు. జోన్స్ తన మొండితనముచే యుద్ధమును గెలిచెను. పాత యోడ మాత్రము ఒకటిన్నర దినములకే మునిగిపోయెను. ఆయన గెలిచిన ఓడపై నిలుచుండి తన ఓడ మునుగుట చూచెను.

ఇంతవరకు వినినవారు, క్రొత్త యోడయే కొనుట మేలని తలపవచ్చును. దానికి ప్రత్యుత్తరముగ విలియం కిడ్ కథను చెప్పుచున్నాము. ఇదియే మా వ్యాసమునకు ప్రాణము.

కిడ్ స్కాట్లండు దేశస్థుడు. న్యూయార్కులో స్థిరపడి ఆస్తియు, కుటుంబమును సంపాదించుకొన్న గౌరవస్థుడు. ఫ్రెంచివారితో యుద్ధము జరుగుచుండగా బ్లెస్డ్ విలియం అను పట్టుబడి ఓడకు నాయకుడుగా నుండెను. 1690లో ఆయన ఒడ్డున నున్న సమయమున ఆయన మనుష్యులే ఓడను దొంగిలించుకొని పోయిరి. వారిలో రాబర్ట్ కల్లిఫర్డ్ అనువాడొకడు. వీని పేరు గుర్తుంచుకొనుడు, మరల వచ్చును.

1695లో కిడ్ లండను వెళ్లినప్పుడు గొప్ప ప్రభువులు కొందరు ధనము పెట్టి ఆయనకొరకు క్రొత్త యోడను సిద్ధపరచిరి. దాని పేరు అడ్వెంచర్ గాలీ. ముప్పదినాలుగు ఫిరంగులు, గాలిలేనప్పుడు నడుపుటకు నలువదియారు తెడ్లు గలవి. మూడవ విలియం రాజు ఆయనకు రెండు సన్నదుల నిచ్చెను. ఒకటి ఫ్రెంచివారి ఓడలను పట్టుటకు, రెండవది హిందూమహాసముద్రములోని ఓడదొంగలను పట్టుటకు. ఇంత బందోబస్తుగా బయలుదేరిన ప్రైవేటీరు మఱియొకడు లేడనవచ్చును. ఓడ క్రొత్తది, సన్నదులు రెండు, వెనుక ప్రభువులు.

కాని ఓడ క్రొత్తదైనంతమాత్రమున గట్టిది కాదు. త్వరత్వరగా కట్టబడిన ఆ యోడ రెండేండ్లయినను నిండకమునుపే కారనారంభించెను. 1698 నాటికి అది పలకలు విడిపోకుండ చుట్టును లావుపాటి మోకులు చుట్టి బిగింపవలసివచ్చెను. ఎనమండుగురు మనుష్యులు వంతులవారిగా రేయింబవళ్లు నీటిని తోడుచుండిరి. ఏ క్షణమున మునుగునో యని వారు భయపడుచుండిరని కిడ్ తరువాత వాంగ్మూలములో చెప్పెను. ఎడతెగని కష్టములచే ఓడలో పొత్తు చెడెను. 1697 అక్టోబరులో తన ఫిరంగివానితో మాటకు మాట పెరిగి, కోపావేశమున కిడ్ ఇనుపపట్టీల బకెట్టుతో వాని తలపై కొట్టెను. ఆ మనుష్యుడు మరుదినమున మరణించెను.

1698 జనవరి చివర మలబారు తీరమున కిడ్ ఒక పెద్ద వర్తక నౌకను పట్టుకొనెను. అది క్వెడా మర్చంట్. ఆర్మీనియా వర్తకులది, బంగాళమునుండి పట్టు, సన్నబట్టలు, చక్కెర, నల్లమందు, ఇనుము, సురేకారము నింపుకొని సూరతునకు పోవుచుండెను. సరుకులో మొగలు దర్బారులోని గొప్పవాని భాగముకూడ నుండెను. నాయకుడు ఆంగ్లేయుడు. కిడ్ తన ఓడపై ఫ్రెంచి జెండా నెగురవేసి యుండుటచే, వారు ఫ్రెంచివారి రహదారి పత్రమును తెచ్చి చూపిరి. ఆ కాలమున వర్తక నౌకలు ఎవరు తారసపడినచో వారి పత్రము చూపుటకు రెండుమూడు దేశముల రహదారుల నుంచుకొనుట వాడుక. కిడ్ ఆ పత్రమును చేత పట్టుకొని, ఫ్రెంచి పత్రము గలది ఫ్రెంచి ఓడయే గనుక నా సన్నదు ప్రకారము ఇది నాదని ప్రకటించెను. అంతకు రెండు నెలల ముందు పట్టిన చిన్న ఓడయొకదానిలోను ఇట్టి పత్రమే దొరికియుండెను. రెండిటిని ఆయన భద్రపరచెను.

ఇచ్చటనే ఆయన తప్పు చేసెను. న్యాయస్థానమునకు పోవుటకు మారుగా సరుకులో కొంత తీరముననే అమ్మి మనుష్యులకు పంచెను. ఓడలో తిరుగుబాటు జరుగునను భయముచే అట్లు చేసెనని కొందరందురు. కావచ్చును. కాని తీర్పు రాని సరుకు నమ్ముట ఏ సన్నదులోను లేదు.

తరువాత వారు మడగాస్కరు సమీపమునందలి సెయింట్ మేరీ దీవికి చేరిరి. అక్కడ ఎదురుపడినవాడెవడు? ఎనిమిదేండ్లక్రింద ఓడ దొంగిలించిన కల్లిఫర్డ్! కిడ్ మనుష్యులలో పెక్కుమంది వానితో చేరిపోయిరి. అడ్వెంచర్ గాలీ ఇక పనికిరాదని విడువబడి, చివరకు తగులబెట్టబడెను. కిడ్ క్వెడా మర్చంటునెక్కి, దానిపై ఆఫ్రికా చుట్టి, అట్లాంటికు మహాసముద్రము దాటి, 1699 వసంతకాలమున వెస్టిండీసు దీవులకు సుఖముగ చేరెను. లండనులో కట్టిన క్రొత్త యోడ రెండేండ్లకు శిథిలమాయెను. మన దేశపు టేకుతో కట్టిన పాత యోడ సగము భూగోళము నీదెను. టేకులోని నూనె పురుగును చాలవరకు దూరముంచును. ఇనుమును త్వరగా తుప్పుపట్టనీయదు. ఓడ వయస్సును మాత్రమే విచారించి కొనువారు ఈ రెండు ఓడలను జ్ఞప్తియందుంచుకొనవలెను.

వెస్టిండీసులో కిడ్‌కు పిడుగువంటి వార్త తెలిసినది. సూరతులో గొడవలు పుట్టుటచే ఈస్టిండియా కంపెనీవారి మొరపై ప్రభుత్వమువారు ఆయనను ఓడదొంగగా ప్రకటించి యుండిరి. పెద్ద యోడతో పోయినచో దూరమునుండియే గుర్తుపట్టుదురు. కనుక ఆయన హెన్రీ బోల్టన్ అను వర్తకునివద్ద ఆంటోనియో అను చిన్న పాత పడవను కొనెను. వందలమంది బ్రతుకుల నేలిన నాయకుడు, చివరకు ఇతరుని పాత పడవకు బేరమాడి, తన పెద్ద యోడను ఆ బోల్టన్ చేతిలోనే పెట్టి వెడలెను. అది మరల ఆయనకు దక్కలేదు. కొంతకాలమునకు దానిని తగులబెట్టిరి.

కిడ్ బోస్టను చేరకమునుపే ఆ రెండు ఫ్రెంచి రహదారి పత్రములను గవర్నరగు బెల్లొమాంట్ ప్రభువునకు పంపెను. ఈ ప్రభువే ఆయన ఓడకు ధనము పెట్టినవారిలో నొకడు. ప్రభువు పత్రములు పుచ్చుకొని, 1699 జూలైలో కిడ్‌ను ఖైదు చేయించెను. ఖైదీయు, పత్రములును ఇంగ్లండునకు చేరిరి. కాని 1701 మే నెలలో విచారణ జరిగినప్పుడు పత్రములు కానరాలేదు. నా ఫ్రెంచి పత్రములను తెప్పించుడని కిడ్ మాటిమాటికి మొరపెట్టుకొనెను. ఎవరును వానిని చూచితిమని గట్టిగ పలుకలేదు. ఆయనవెనుక నున్న ప్రభువులకును, వారి ప్రత్యర్థులకును పార్లమెంటులో వైరము రగులుచుండిన కాలమది. అట్టి సమయమున ఆ రెండు కాగితములు బయటపడకుండుట కొందరికి మేలైయుండును. ఫిరంగివానిని చంపిన నేరమును, ఓడదొంగతనపు నేరములును రుజువైనవని తీర్పు చెప్పబడెను. మే 23వ తేదీన థేమ్సునది యొడ్డున ఆయనను ఉరితీసిరి. మొదటిసారి త్రాడు తెగెను. మరల ఎక్కించిరి.

ఆ పత్రములు రెండును ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో లండనులోని ప్రభుత్వ దస్తరములలో దొరికినవి. రెండువందల యేండ్లకు పైగా అవి కాగితముల కట్టలలో నుండెను. అవి న్యాయస్థానములో నున్నచో కిడ్ బ్రతికియుండునా యని మమ్ము అడిగినచో, చెప్పలేము. ఫిరంగివాని మరణమునకు ఏ రహదారియు సమాధానము కాదు. కాని ఓడదొంగయను పేరుతో మరణించియుండడని మా యభిప్రాయము. తన పత్రములకు నకలైనను ఉంచుకొనక మూలప్రతులనే ఇచ్చివేసిన మనుష్యునిగూర్చి మాకు జాలియు, కొంత కోపమును గలుగుచున్నవి.

పత్రము లేకయే సాహసించి బ్రతికినవాడును లేకపోలేదు. వాని కథ మన బంగాళాఖాతములోనే జరిగినది. రాబర్ట్ సుర్కూఫ్ అను ఫ్రెంచి యువకుడు 1795లో ఇప్పుడు మారిషస్ అనబడు దీవినుండి ఎమిలీ అను నాలుగు ఫిరంగుల చిన్న ఓడపై బయలుదేరెను. ఆ దీవి గవర్నరు సన్నదు ఇయ్యనందున, సీషెల్సు దీవులనుండి తాబేళ్లు కొనితెచ్చుటకని చెప్పి యాత్ర సాగించెను. తాబేళ్లు ఎన్ని తెచ్చెనో గాని, హుగ్లీ నదీముఖమున దారిచూపు పైలట్ ఓడను, బియ్యపు ఓడలను పట్టుకొనెను. 1796 జనవరిలో ఆ పైలట్ ఓడపైనే, ఇరువదిమందికి మించని మనుష్యులతో, ట్రైటన్ అను కంపెనీ నౌకను ఎక్కి పట్టెను. దారిచూపు ఓడ తమయొద్దకు వచ్చుచున్నదని ట్రైటనువారు నిశ్చింతగ నుండిరి. ఓడను దాని రూపమును బట్టి నమ్మరాదని వారికి ఆలస్యముగ తెలిసెను.

సుర్కూఫ్ దీవికి తిరిగివచ్చునప్పటికి గవర్నరు పట్టుబడి ఓడలనన్నిటిని ప్రభుత్వమునకు జప్తుచేసెను. సన్నదు లేనివానికి వాటా లేదు. అతడు పారిసునకు వెళ్లి వాదించి, 1797లో ఆరు లక్షల అరువదివేల ఫ్రాంకులు పొందెను. తరువాతి యాత్రలకు మాత్రము సన్నదు పుచ్చుకొనియే బయలుదేరెను. 1800 అక్టోబరులో కాన్ఫియాన్స్ అను తన ఓడతో, తనకంటె ఎంతయో పెద్దదగు కెంట్ అను కంపెనీ ఓడను ఈ బంగాళాఖాతముననే పట్టెను.

ప్రైవేటీరు పద్ధతిని ఐరోపా రాజ్యములు 1856 ఏప్రిలులో పారిసు ప్రకటనచే రద్దుచేసినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఆ ప్రకటనపై సంతకము చేయలేదు. సన్నదులిచ్చు అధికారమును గూర్చిన వాక్యము వారి రాజ్యాంగములో అట్లే యున్నది.

ఈ సంగతులలో కొన్నింటిని ఆ విద్యార్థికి చెప్పితిమి. వాడు కిడ్ ఉరిని గూర్చి అంతగా పట్టించుకొనలేదు. "ఆ టేకు ఓడ కాలిపోయిన తరువాత ఏమైనదండి?" అని యడిగెను. దానికి ప్రత్యుత్తరము సులభముగనే యియ్యగలిగితిమి. 2007లో డొమినికన్ రిపబ్లికు దేశమునకు చేరిన కటలీనా దీవి యొడ్డున, పది అడుగులైనను లోతులేని నీటిలో, ఫిరంగులును లంగరులును కుప్పగ పడియుండుట కనుగొనబడినది. వాని క్రింద మిగిలిన కొయ్యను పరీక్షింపగా టేకని తేలినది. పలకల అంచులను ఒకదానిలో నొకటి కూర్చిన పనితనము పశ్చిమ హిందూదేశపు వడ్రంగులదని పండితులు నిర్ణయించిరి. 2011 మే 23న, అనగా కిడ్ మరణించిన తేదీననే, ఆ స్థలమును నీటిలోని ప్రదర్శనశాలగా ప్రకటించిరి.

వాడు కొంతసేపు ఆలోచించి, తన తండ్రి పడవకు టేకు పలకలు వేయించుటకు ధనము చాలదని చెప్పెను. దసరా సెలవుల ముందు మరల కనబడినప్పుడు, నాలుగు పలకలు మార్పించిరనియు, అమ్మినవాని యన్నకు పెద్దమనుష్యుల యెదుట కొంత సొమ్మిచ్చి సంతకము తీసికొనిరనియు, పడవ నీటిలో దిగినదనియు చెప్పెను. ఆ కాగితము ఎక్కడ నున్నదని యడిగితిమి. "అమ్మ పెట్టెలో నున్నదండి. నకలు నా పుస్తకములో నున్నది" అని లెక్కల పుస్తకము తెరచి చూపెను.